నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి?



పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను మార్కుల తర్వాత ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, పిల్లల్ని గేమ్స్ ఆడనివ్వచ్చా, వద్దా?" దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ఏ ఆట, ఎంతసేపు, ఏ వయసు పిల్లలు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుకని ఈ నెల ఒకే ఒక్క ఆట గురించి రాస్తున్నాను. ముఖ్యంగా ఆ ఆటలో ఇల్లు కట్టేటప్పుడు వచ్చే తప్పుల గురించి, వాటివల్ల నా ఎనిమిదో తరగతి క్లాసులో వచ్చిన ఒక మార్పు గురించి. ఆటలంటే ఇష్టం లేనివాళ్లు కూడా చివరిదాకా చదవమని మనవి. ఇందులో మీ పిల్లల ప్రశ్నపత్రాలకు పనికొచ్చే విషయం ఉంది.

ఆట పేరు సబ్‌నాటికా. అమెరికాలోని అన్‌నోన్ వరల్డ్స్ అనే సంస్థ తయారుచేసింది. కథ చాలా చిన్నది. మనిషి ఎక్కిన అంతరిక్ష నౌక ఒక గ్రహం మీద కూలిపోతుంది. ఆ గ్రహమంతా దాదాపు సముద్రమే. తాగే నీళ్లు, తిండి, పీల్చే గాలి అన్నీ తనే చూసుకోవాలి. సముద్రం అడుగున లోహాలు ఏరుకుని, వాటితో నీటిలోపలే ఒక ఇల్లు కట్టుకోవాలి. దాన్నే పిల్లలు 'బేస్' అంటారు. మన పిల్లలు ఫోన్లలో ఆడే కాల్పుల ఆటలకూ దీనికీ పెద్ద తేడా ఉంది. ఇందులో తుపాకులు లేవు. 2012లో అమెరికాలో శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల తర్వాత, తన ఆటలో తుపాకులు ఉండకూడదని దర్శకుడు చార్లీ క్లీవ్‌లాండ్ నిర్ణయించుకున్నారు. అమెరికాలో ఈ ఆటకు పదేళ్లు దాటినవారి రేటింగ్ ఇచ్చారు. అయితే చీకటి సముద్రంలో ఎదురయ్యే పెద్ద పెద్ద జంతువులు ఉంటాయి. చిన్న పిల్లలు భయపడతారు, ఆ మాట కూడా చెప్పాలి.

నేను చెప్పబోయే అబ్బాయికి ఈ ఆట వాళ్ల అన్న పరిచయం చేశాడు. అన్న బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పాత లాప్‌టాప్ ఇంట్లో వదిలి వెళ్లాడు. వేసవి సెలవుల్లో మొదలైన ఆట, జూన్‌లో బడి తెరిచాక కూడా ఆగలేదు. మొదటి యూనిట్ టెస్ట్‌లో ఫిజికల్ సైన్స్‌లో 25కి 9 వచ్చాయి. నాన్నగారు మీటింగ్‌కి వచ్చి, "మేడం, ఈ ఆదివారం ఆ లాప్‌టాప్ అమ్మేస్తున్నా" అన్నారు. అబ్బాయి పక్కనే తలదించుకుని నిలబడ్డాడు. లాప్‌టాప్ గురించి ఏమీ మాట్లాడలేదు. మెల్లగా ఒక్కటే అన్నాడు. "నేను చదివినా మేడం. చదివినా అంటే ఎవరూ నమ్మట్లే."

నాన్నగారిని ఒక్క వారం ఆగమన్నాను. మరుసటి రోజు లంచ్ టైంలో అబ్బాయిని కూర్చోబెట్టి, ముందు ఆట సంగతే అడిగాను. అప్పుడు వాడు ఉత్సాహంగా తన కష్టం చెప్పుకొచ్చాడు. బేస్ కట్టాడట, రెండు గదులు, మధ్యలో నడవ, చివర అద్దాల గది. అంతా బాగుంది. ఇంకొక్క కిటికీ పెట్టగానే గోడలు చిట్లి బేస్ అంతా నీళ్లు నిండిపోయాయి. "అది బగ్ మేడం. ఆటలోనే తప్పుంది" అన్నాడు.

బగ్ అంటే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపం. మనం సరిగ్గా చేసినా, తయారుచేసినవాళ్ల తప్పువల్ల పని చెడిపోతే దాన్ని బగ్ అంటారు. ఈ అబ్బాయి విషయంలో జరిగింది బగ్ కాదు. ఆ ఆటలో ప్రతి బేస్‌కీ ఒక బలం ఉంటుంది, అంకెల్లో. మొదట 10తో మొదలవుతుంది. గది కట్టినా, నడవ కట్టినా ఆ అంకె తగ్గుతుంది. అద్దంతో కడితే ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఒక్కో కిటికీకి 1 పోతుంది. కింద ఫౌండేషన్ వేస్తే 2 కలుస్తుంది. గోడకు రీఇన్‌ఫోర్స్‌మెంట్ పలక బిగిస్తే 7 కలుస్తుంది. లోతుకు వెళ్లేకొద్దీ తగ్గుదల ఎక్కువవుతుంది. మొత్తం సున్నా కంటే కిందికి పోతే గోడ చిట్లి నీళ్లు లోపలికి వస్తాయి. ఏదైనా కొత్తగా కట్టిన ప్రతిసారీ ఆట ఆ అంకెను తెర మీద చూపిస్తుంది కూడా. అబ్బాయి దాన్ని ఎప్పుడూ చదవలేదు.

ఇది ఊరికే పెట్టిన నియమం కాదు. ఎనిమిదో తరగతిలో బలం, పీడనం పాఠంలో ఉన్నదే. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకు దాదాపు ఒక అట్మాస్ఫియర్ పీడనం పెరుగుతుంది. వంద మీటర్ల లోతులో ఉన్న గోడ మీద, ఒడ్డున ఉన్నదానికి దాదాపు పదకొండు రెట్ల ఒత్తిడి ఉంటుంది. "అయితే ఇప్పుడు ఏం చేస్తావు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "పలక బిగిస్తా మేడం. చిట్లినచోట రిపేర్ టూల్‌తో అతికిస్తే నీళ్లు వాటంతటవే పోతాయి" అన్నాడు. అదే రాత్రి చేశాడు. పనిచేసింది.

మరి నిజమైన బగ్‌లు ఆ ఆటలో లేవా? చాలానే ఉండేవి. సబ్‌నాటికాను 2014 డిసెంబరులో, ఇంకా పూర్తికాకముందే అమ్మకానికి పెట్టారు. పూర్తి ఆట 2018 జనవరి 23న వచ్చింది. మధ్యలో ఉన్న మూడేళ్లూ డబ్బిచ్చి కొన్నవాళ్లే దాన్ని పరీక్షించారు. బేస్ విషయంలో వింతలు ఎన్నో. గోడలు గట్టిగా ఉన్నా చేప గదిలోకి వచ్చి గాల్లో ఈదేది. మనిషి గదిలో ఉన్నా, నీళ్లలో ఉన్నట్టు ఈత కొట్టేవాడు. సేవ్ చేసి మళ్లీ తెరిచేసరికి కాళ్ల కింద నేల లేక కిందికి జారిపోయేవాడు.

ఇవి ఎందుకు జరుగుతాయో తెలుసుకోవడం పిల్లలకు మంచి పాఠం. కంప్యూటర్‌కు గది అంటే మనకు కనిపించే బొమ్మ ఒక్కటే కాదు. కనిపించే నేల వేరు, కాలు ఆనడానికి ఉండే నేల వేరు. రెండూ ఒకేచోట ఉండాలని ప్రోగ్రామ్ రాసినవాళ్లు చూసుకోవాలి. ఆట తెరుచుకునేటప్పుడు బొమ్మ ముందు వచ్చి, కాలు ఆనే నేల ఆలస్యమైతే మనిషి జారిపోతాడు. అలాగే, మనిషి లోపల ఉన్నాడా, నీళ్లలో ఉన్నాడా అని కంప్యూటర్ ఒక గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తు తప్పితే, పొడి గదిలో ఈత కొడతాడు.

ఇక్కడినుంచే నాకు పనికొచ్చే విషయం దొరికింది. ఆ మూడేళ్లలో ఆట ఆడుతూనే కీబోర్డు మీద ఎఫ్8 నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకునేది. ఏం జరిగిందో రాసి అక్కడినుంచే సంస్థకు పంపొచ్చు. "మీ ఆట చెత్త" అని రాసినదానితో ఇంజనీరు చేయగలిగింది ఏమీ ఉండదు. పనికొచ్చే ఫిర్యాదులో మూడు ముక్కలు ఉంటాయి. నేను ఏం చేశాను. ఏం జరుగుతుందనుకున్నాను. నిజానికి ఏం జరిగింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మీ పిల్లల్ని, తమ్ముళ్లని అడగండి. ప్రపంచంలో ఏ కంపెనీలోనైనా బగ్ రిపోర్టు ఇలాగే రాస్తారు. దానికి నాలుగో ప్రశ్న ఒకటి తోడవుతుంది. మళ్లీ అదే పని చేస్తే, మళ్లీ అదే జరుగుతోందా? ప్రతిసారీ ఒకేలా వచ్చే తప్పును పట్టుకోవడం సులువు. ఒకసారి వచ్చి, ఒకసారి రానిదే కష్టం.

ఆ అబ్బాయి యూనిట్ టెస్ట్ పేపర్ తీసి ఇద్దరం ముందు పెట్టుకున్నాం. ఆ రోజు వరకు ఆ పేపర్ గురించి రెండే మాటలు వినిపించాయి. నాన్నగారిది "వీడు చదవలేదు". అబ్బాయిది "నాకు ఫిజిక్స్ రాదు". రెండూ "మీ ఆట చెత్త" లాంటి మాటలే. వాటితో ఎవరూ ఏమీ బాగుచేయలేరు.

పీడనం మీద మూడు లెక్కలు ఉన్నాయి, మూడూ తప్పు. మొదటిది చూద్దాం. 200 న్యూటన్ల బలం 50 చదరపు సెంటీమీటర్ల మీద పడితే పీడనం ఎంత? "నువ్వేం చేశావు?" అంటే, "బలాన్ని వైశాల్యంతో భాగించినా మేడం" అన్నాడు. సూత్రం సరిగ్గానే ఉంది. "ఏం వస్తుందనుకున్నావు?" "పాస్కల్స్‌లో పెద్ద నంబరు." అదీ సరే. "ఏం వచ్చింది?" "400." రావలసింది 40,000. చదరపు సెంటీమీటర్లను చదరపు మీటర్లుగా మార్చడానికి 10,000తో భాగించాలి. వీడు 100తో భాగించాడు. మీటరుకు వంద సెంటీమీటర్లు కదా అని. రెండో లెక్క చూశాం, అక్కడా 100. మూడోదీ అంతే. మూడుసార్లూ ఒకే చోట, ఒకే తప్పు.

వాడి ముఖం నాకింకా గుర్తుంది. "అంటే మేడం, నాకు ఫిజిక్స్ వచ్చు. ఇది ఒక్కటే రాదు." గ్రాఫ్ పేపర్ మీద వంద గళ్లు అడ్డం, వంద గళ్లు నిలువు అని గీసి చూపించాను. పది నిమిషాల పని. వాడు చదివాడన్నది నిజమే, లెక్క తప్పన్నదీ నిజమే. ఏది ఎక్కడ తప్పిందో చెప్పే మాటలు మాత్రమే వాడి దగ్గర లేవు.

ఆ వారం చివర నాన్నగారితోపాటు తాతగారు కూడా వచ్చారు. చాలాకాలం మగ్గం నేసిన మనిషి. మన ఊళ్లో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన దగ్గరనుంచి ఎమ్మిగనూరుకు నేతే గుర్తింపు అని మీకు నేను చెప్పనక్కర్లేదు. నేను ఈ మూడు ప్రశ్నల సంగతి చెబుతుంటే ఆయన నవ్వారు. "మగ్గం కాడ గుడ్డలో గీత పడితే మగ్గాన్ని తిడతామా మేడం? నేసినోణ్ణి కొడతామా? పడుగులో యా పోగు తెగిందో ముందు చూడాల. అది ముడేసి మళ్లా నేయాల" అన్నారు. మనవడి వైపు తిరిగి, "ఏమ్రా, నీకు తెగింది ఒక పోగేనంటనే" అన్నారు. నాన్నగారు లాప్‌టాప్ మాట ఎత్తలేదు.

ఇదంతా పిల్లల ఆట, ఒక యూనిట్ టెస్ట్ అనుకోవద్దు. నీటి ఒత్తిడి, ఒక్కచోట తెగడం అన్న మాటలు మన ప్రాంతంలో ఎవరికీ కొత్తవి కావు. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాంలో గొలుసు తెగి 19వ నంబరు గేటు కొట్టుకుపోయింది. ఆ డ్యాంకు మొత్తం 33 గేట్లు. తెగింది ఒక్క గేటు గొలుసు. ఆ ఒక్క దారినుంచే దాదాపు 35 వేల క్యూసెక్కుల నీరు నదిలోకి పోయింది. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు ఎల్లెల్సీ కాలువలో వచ్చే నీళ్లు ఆ డ్యాంవే. మీలో చాలామంది ఇళ్లలో ఆ వారం దాని గురించే మాట్లాడుకున్నారు.

అప్పుడు ఇంజనీర్లు చేసినదాన్ని మా క్లాసులో బోర్డు మీద రాయించాను. ముందు మిగతా గేట్లు తెరిచి డ్యాం మీద ఒత్తిడి తగ్గించారు. తర్వాత గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడుగారి ఆధ్వర్యంలో, నీళ్లు పారుతుండగానే, ఇనుప స్టాప్‌లాగ్ పలకలు ఒకదాని మీద ఒకటి దించి ఆ సందును మూశారు. వారం రోజుల్లో నీరు ఆగింది. అక్కడితో వదిలేయలేదు. ఒక గొలుసు తెగిందంటే మిగతా 32 గేట్ల పరిస్థితి ఏమిటన్న ప్రశ్న వచ్చింది. పరిశీలించిన నిపుణులు గేట్లన్నీ మార్చాలని చెప్పారు. 2025లో దాదాపు 105 టీఎంసీలు పట్టే ఆ జలాశయంలో జాగ్రత్త కోసం 80 టీఎంసీల వరకే నింపారు. ఒక తప్పును సరిచేయడం ఒక పని. అలాంటిదే ఇంకెక్కడ ఉందో వెతకడం రెండో పని. మన అబ్బాయి కూడా తన పేపర్‌లో రెండో లెక్క, మూడో లెక్క చూసి చేసింది ఈ రెండో పనే.

ఆ అనుభవం తర్వాత ఎనిమిదో తరగతి పిల్లలందరికీ నోట్‌బుక్ చివరి పేజీల్లో నాలుగు గళ్లు గీయించాను. టెస్ట్ పేపర్ చేతికి రాగానే, తప్పుపోయిన ప్రతి ప్రశ్నకూ ఆ నాలుగు గళ్లు నింపాలి. ఏం చేశాను, ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది, ఇదే తప్పు ఇంకెక్కడైనా చేశానా. మొదట్లో అందరూ "కేర్‌లెస్ మిస్టేక్ మేడం" అనే రాశారు. ఆ మాట ఆ గళ్లలో ఒప్పుకోనని చెప్పాను. ఇప్పుడు ఒక అమ్మాయి "ప్రశ్నలో 'కానిది ఏది' అన్న మాట వదిలేసి చదువుతున్నాను" అని రాస్తోంది. ఇంకో అబ్బాయి "చివరి పది నిమిషాల్లో రాసినవన్నీ తప్పుతున్నాయి" అని కనుక్కున్నాడు. ఇవి పిల్లలు తమకు తామే పట్టుకున్నవి. నేను ఎర్ర పెన్నుతో ఎంత దిద్దినా ఇవి నాకు కనిపించవు. కొన్నిసార్లు గళ్లు నింపాక తప్పు పిల్లలది కాదని కూడా తేలుతుంది. ప్రశ్నలోనే రెండర్థాలు ఉండొచ్చు. అప్పుడు వాళ్లు ఏడవకుండా, గొడవపడకుండా వచ్చి చూపిస్తారు. అది కూడా నేర్చుకోవలసిన విద్యే.

తల్లిదండ్రులకు నా విన్నపాలు కొన్ని.

పేపర్ ఇంటికి వచ్చినప్పుడు "ఎందుకు తక్కువొచ్చాయి?" అని అడిగితే, పిల్లలకు దాక్కోవడం తప్ప దారి ఉండదు. ఒక్క ప్రశ్న మీద వేలు పెట్టి "ఇక్కడ నువ్వేం చేశావు?" అని అడగండి. పాఠం మీకు తెలియనక్కర్లేదు, ఇంగ్లీష్ రానక్కర్లేదు. తెలుగులోనే చెప్పనివ్వండి. చెబుతుండగానే సగం తప్పులు వాళ్లకే దొరుకుతాయి.

ఆట ఆడనిచ్చే ఇళ్లలో సమయం ముందే మాట్లాడుకోండి. ఆపమనేటప్పుడు పది నిమిషాల ముందు చెప్పండి. సబ్‌నాటికాలో ఆటగాడు సేవ్ నొక్కితేనే ఆట దాచబడుతుంది, దానంతట అది దాచుకోదు. ఉన్నట్టుండి ప్లగ్ పీకేస్తే రెండు గంటల పని పోతుంది. ఆ కోపంలో పుస్తకం తెరిచిన పిల్లవాడికి ఏదీ ఎక్కదు. "సేవ్ చేసి వచ్చేయ్" అనే మాట చాలా గొడవలు తగ్గిస్తుంది. పరీక్షల వారంలో ఆట వద్దంటే వద్దే, అందులో మొహమాటం అక్కర్లేదు.

మూడోది, ఎప్పుడైనా ఒక పావుగంట పక్కన కూర్చుని చూడండి. "ఇది ఎందుకిలా అయింది?" అని అడగండి. మీ అబ్బాయో అమ్మాయో ఎంత ఓపికగా వివరిస్తారో మీరే గమనిస్తారు. ఆ ఓపికను లెక్కల పుస్తకం వైపు తిప్పడం నా పని. అది వాళ్లలో ఉందని గుర్తించడం మాత్రం మీ సాయం లేకుండా నావల్ల కాదు.

ఆ అబ్బాయికి రెండో యూనిట్ టెస్ట్‌లో 25కి 17 వచ్చాయి. పోయిన 8 మార్కులకూ నోట్‌బుక్‌లో గళ్లు నింపి ఉన్నాయి. అందులో రెండు అక్షరదోషాలు, ఒకటి పటం సరిగ్గా వేయకపోవడం, మిగతాది ఒక పాఠం అసలు చదవకపోవడం. ఆ చివరి గడిలో వాడు దాచకుండా రాశాడు. "ఈ పాఠం చదవలేదు. ఆ రోజు బేస్ కట్టినా."

వచ్చే నెల రెండో శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఎనిమిదో తరగతి తల్లిదండ్రులు వచ్చేటప్పుడు మార్కుల కార్డుతోపాటు, పిల్లల సైన్స్ నోట్‌బుక్ కూడా తీసుకురండి. చివరి పేజీలనుంచి మొదలుపెడదాం.